బటర్‌ఫ్లై: అందరూ పాతదనుకునే స్లిప్ జిగ్

ఐరిష్ సంగీతం నేర్చుకునేవాళ్లకి మొదట తగిలే స్లిప్ జిగ్ (తొమ్మిది మాత్రల లెక్కలో నడిచే నృత్య బాణీ) చాలామటుకు ‘బటర్‌ఫ్లై’యే. మూడు భాగాలు, భాగానికి నాలుగు బార్లు (బారు అంటే లెక్క ఒక చుట్టు). రాసుకుంటే మొత్తం పన్నెండు బార్లు, అందులోనూ మూడు ముందు వచ్చినవాటికి అచ్చు నకళ్లు. ట్యూన్ పుస్తకాల్లో, సీడీ అట్టల మీద దీని పక్కన ‘సంప్రదాయం’ అని వేసి ఉంటుంది. వింటే అలాగే అనిపిస్తుంది కూడా. ఏ పద్దెనిమిదో శతాబ్దంలోనో ఊరూరా తిరిగిన పైపర్ (తిత్తిలోని గాలితో మోగే పైప్స్ వాయించేవాడు) ఒకడు వాయించి వదిలేసిన బాణీ అంటే నమ్మేస్తాం.

అంత పాతదేం కాదు. ఇవాళ సెషన్లలో (వాద్యకారులు కలిసి కూర్చుని వాయించే కూటాల్లో) తిరిగే రూపం డబ్లిన్ ఫిడ్లర్ (వయోలిన్ వాద్యకారుడు) టామీ పాట్స్ పేరు మీద ఉంది. ఆయన 1912లో పుట్టి 1988లో పోయాడు. ఆయన వాయించిన ఎల్పీ బయటికి వచ్చింది 1972లో. డబ్లిన్ సంగీతకారుల గదులు దాటి ఈ బాణీ లోకంలో పడ్డది అప్పటినుంచే. దీని వెనక కథ చిన్నదే, కానీ అది తెలిసినవాళ్లు బటర్‌ఫ్లైని కాస్త వేరేగా వాయిస్తారు. అందుకే చరిత్రనీ వాయించే పద్ధతినీ విడదీయకుండా రాస్తున్నాను.

తొమ్మిది లెక్క

మామూలు డబుల్ జిగ్ 6/8లో నడుస్తుంది. బారుకి రెండు దెబ్బలు, దెబ్బకి మూడు మాత్రలు. స్లిప్ జిగ్ 9/8. దెబ్బలు మూడు, మాత్రలు తొమ్మిది. మన తాళాలు తెలిసినవాళ్లు తొమ్మిది అనగానే సంకీర్ణం గుర్తుచేసుకుంటారు. అది నాలుగూ అయిదుగా విరుగుతుంది, ఇక్కడ అలాంటి విరుపు లేదు. మూడు దెబ్బల రూపకాన్ని తిశ్ర నడకలో వేసుకోండి: తకిట తకిట తకిట. అంతే.

ఈ కొలత ఐర్లండ్ ఒక్కదాని సొత్తు కాదు. ఇంగ్లండ్‌లో ప్లేఫర్డ్ అనే ప్రచురణకర్తల నృత్య సంపుటాల్లో ‘రోజర్ ఆఫ్ కవర్లీ’ 1690లలోనే అచ్చయింది. అదీ తొమ్మిది లెక్కే. ‘డ్రాప్స్ ఆఫ్ బ్రాందీ’ స్కాట్లండ్‌లోనూ వినిపిస్తుంది, ఐర్లండ్‌లోనూ వినిపిస్తుంది. మిగతా చోట్ల పలచబడిపోయిన ఈ కొలత ఐర్లండ్‌లో నిలబడిందంటే అందులో నాట్యగురువుల పాత్ర చాలా ఉంది. 1776 నుంచి ఐర్లండ్ అంతా తిరిగిన ఆర్థర్ యంగ్ అనే ఆంగ్లేయుడు 1780లో అచ్చువేసిన యాత్రాగ్రంథంలో వీళ్లని ప్రస్తావించాడు. ఒక పైపర్‌నో, చూపులేని ఫిడ్లర్‌నో వెంటబెట్టుకుని పేదల గుడిసె గుడిసెకీ వెళ్లి నేర్పేవాళ్లట. జీతం మూడు నెలలకి ఆరు పెన్నీలు. అడుగులు నేర్పడానికి బాణీ కావాలి, బాణీ ఎనిమిది బార్ల ముక్కల్లో ఖచ్చితంగా తిరిగి రావాలి. స్లిప్ జిగ్గులకి ఈ చతురస్రపు కట్టడం అలాంటి అవసరాల వల్లే గట్టిపడిందని నా అభిప్రాయం.

పాత సంపుటాల్లో వెతికేటప్పుడు ఇంకో పేరు ఎదురవుతుంది: హాప్ జిగ్. కొందరు రెండూ ఒకటే అంటారు. చికాగో పోలీసు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1907లో వేసిన 1001 నృత్య బాణీల సంపుటంలో ఈ రెండు పేర్లూ ఒకే శీర్షిక కింద పెట్టాడు. ఇంకొందరు విడదీస్తారు. దెబ్బ దెబ్బకీ మూడు స్వరాలూ పరిగెడితే స్లిప్ జిగ్, ఎక్కువగా ‘పొడుగు–పొట్టి, పొడుగు–పొట్టి’ అని కుంటుతూ నడిస్తే హాప్ జిగ్ అని. ఈ కొలబద్ద పెడితే బటర్‌ఫ్లై సరిహద్దు మీద కూర్చుంటుంది. మొదటి భాగం దాదాపు పూర్తిగా పొడుగు–పొట్టి నడకే, బార్ల చివర మాత్రమే మూడేసి స్వరాలు కలిసి దొర్లుతాయి. దాని రుచి సగం అక్కడే ఉంది. ఈ తేడా గమనించనివాళ్లు ఖాళీలన్నిటినీ అలంకారాలతో నింపేసి బాణీని చంపేస్తారు.

పాట్స్ ఇంటి సంగతి

టామీ పాట్స్ డబ్లిన్‌లో కూంబ్ అనే పాత పేటవాడు. తండ్రి జాన్ పాట్స్ వెక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన పైపర్. ఆ ఇంటికి ఊళ్లోని పైపర్లు, ఫిడ్లర్లు వస్తూ పోతూ ఉండేవాళ్లు. చీఫ్‌టెన్స్ బృందం మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన విజిల్ (లోహపు చిన్న పిల్లనగ్రోవి) వాద్యకారుడు షాన్ పాట్స్ టామీ సోదరుడి కొడుకే. అంటే సంప్రదాయం తెలియక దాన్ని మార్చిన మనిషి కాదు టామీ, దాని నడిబొడ్డున పెరిగినవాడు.

అయినా ఆయన దారి వేరు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం శ్రద్ధగా వినేవాడు, విన్నది ఫిడిల్ మీదికి తెచ్చేవాడు. ఒక రీల్ (ఇంకో రకం నృత్య బాణీ) వాయిస్తూ మధ్యలో ఒక వాక్యాన్ని సాగదీస్తాడు, ఇంకో చోట ఒక దెబ్బ మింగేస్తాడు, ఎక్కడో ఆగి మళ్లీ అందుకుంటాడు. ఆ వాయిద్యానికి కాలు కదపడం అయ్యే పని కాదు. డాన్స్ కోసం పుట్టిన సంగీతాన్ని ఆయన ఒంటరిగా కూర్చుని వినే సంగీతంగా మార్చాడు. అందుకు ఆ రోజుల్లో మెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు, తల పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. బతికుండగా ఆయన విడుదల చేసిన సొంత ఆల్బమ్ ఒక్కటే: ‘ది లిఫీ బ్యాంక్స్’, క్లాడా రికార్డ్స్, 1972. లిఫీ అంటే డబ్లిన్ నడుమ పారే నది. సంగీతకారుడు మిహాల్ ఓ సూలివాన్ 1987లో బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో పాట్స్ సంగీతం మీదే డాక్టరేట్ పూర్తిచేశాడు. క్లేర్ జిల్లా ఫిడ్లర్ మార్టిన్ హేస్ తన మీద పాట్స్ ప్రభావం గురించి ఎన్నోసార్లు చెప్పాడు. ఒకే ఒక్క ఎల్పీకి ఇంత నీడ పడటం అరుదు.

బటర్‌ఫ్లై ఆయన సొంత కూర్పా, పాతదానికి మెరుగా అన్నదానికి వాద్యకారుల మధ్య తిరిగే జవాబు ఒకటుంది. ‘స్కిన్ ద పీలర్స్’, ‘బార్నీ బ్రాలహన్’ అనే రెండు పాత స్లిప్ జిగ్గుల ముక్కలు తీసుకుని ఆయన కలిపి కుట్టాడని చెబుతారు. బాణీ నడక చూస్తే నమ్మబుద్ధేస్తుంది. మొదటి భాగం కింది స్థాయిలో ముడుచుకుని ఉంటుంది, రెండోది ఉన్నట్టుండి పైకి ఎగురుతుంది, మూడోది మధ్యలో ఒకే స్వరాన్ని పట్టుకుని వేలాడుతుంది. మూడు భాగాలకీ మూడు స్వభావాలు.

ఆ రెండు మూలాలూ ఎంత పాతవి? ఐర్లండ్ వ్యవహారాల మంత్రిగా ఉన్న రాబర్ట్ పీల్ 1814లో పెట్టిన పోలీసు దళం వల్లే జనం పోలీసుల్ని పీలర్లు అనడం మొదలైంది. కాబట్టి బాణీ ఎప్పటిదైనా, ఆ పేరు మాత్రం 1814 తర్వాతదే. బార్నీ బ్రాలహన్ ప్రేమ కథని 19వ శతాబ్దం తొలి సగంలో లండన్ వేదికల మీద హాస్యగీతంగా పాడేవాళ్లు. ఆ పాటకి సంగీతకర్తగా అచ్చులో కనిపించేది జానథన్ బ్లూయిట్, 1853లో చనిపోయాడు. అచ్చమైన గ్రామీణ ఐర్లండ్ అనుకునే బాణీకి తాతల్లో ఒకరు లండన్ స్టేజీ మనిషై ఉండొచ్చన్నమాట. ఐరిష్ సంగీతంలో ఇదేం వింత కాదు. ‘రాకీ రోడ్ టు డబ్లిన్’ అనే అందరికీ తెలిసిన స్లిప్ జిగ్ పాట కూడా 19వ శతాబ్దపు మ్యూజిక్ హాల్ సరుకే. ‘స్వచ్ఛమైన మూలం’ కోసం తవ్వేవాళ్లకి ఇలాంటి గోతులు తరచూ తగులుతుంటాయి.

1975లో బోతీ బ్యాండ్ అనే ఐరిష్ బృందం తమ మొదటి ఆల్బమ్‌లో బటర్‌ఫ్లైని పెట్టింది. ఫ్లూట్ మీద మ్యాట్ మలాయ్, పైప్స్ మీద ప్యాడీ కీనన్, ఫిడిల్ మీద టామీ పీపుల్స్, బుజూకీ (పొడుగు మెడ తీగవాద్యం) మీద డోనల్ లన్నీ, గిటార్ మీద మిహాల్ ఓ డోనల్, కీబోర్డ్ మీద ట్రీనా నీ గోనల్. ఆ ఆల్బమ్ విని వాద్యం పట్టినవాళ్లు ఒక తరం ఉన్నారు. ఒక బృందం కలిసి వాయించాలంటే బాణీకి అంచులు నిటారుగా ఉండాలి. ఆ తర్వాత సెషన్లలో స్థిరపడ్డది అలాంటి నాలుగు బార్ల చతురస్ర రూపమే. పాట్స్ వాయిద్యంలోని సాగుళ్లు, ఆగుళ్లు అందులో లేవు. దీన్ని నేను నష్టం అనను. కానీ ఆయన రికార్డు ఒక్కసారైనా వినకుండా బటర్‌ఫ్లై తెలుసనుకోవడం మాత్రం సగమే తెలియడం.

ఆల్బమ్ చేసేవాళ్లకి ఒక మాట. ఐర్లండ్ చట్టంలో కాపీరైట్ రచయిత మరణానంతరం 70 ఏళ్లు ఉంటుంది. బాణీని పాట్స్ రచనగా లెక్కవేస్తే అది 2058 చివరిదాకా అన్నమాట. పాత ముక్కల మీద కట్టినదానిలో ఎంత ఆయనది అన్నది లాయర్ల గొడవ. అట్ట మీద ‘సంప్రదాయం’ అని కొట్టేయకుండా ‘టామీ పాట్స్ నుంచి’ అని వేయడానికి ఖర్చేమీ లేదు.

స్వరాలు

బాణీ శ్రుతి ఇ మైనర్. ఇ ని షడ్జమం అనుకుని స్వరాలు రాస్తున్నాను. కామా ఒక మాత్ర సాగింపు. స్వరం పక్కన చుక్క ఉంటే మంద్రం, పైన గీత ఉంటే తారం. నిలువు గీత ఒక దెబ్బ ముగిసిందని, జంట గీత బారు ముగిసిందని గుర్తు. ప్రతి భాగం రెండేసి సార్లు.

మొదటి భాగం:
ప , స | గ , స | రి , , ||
ప , స | గ , స | రి స ని. ||
ప , స | గ , స | రి , , ||
ప , ని | ని , ప | మ రి ని. ||

రెండో భాగం:
ప , ధ | స' , రి' | గ' , , ||
ప , ని | గ' , స' | ని ప మ ||
ప , ధ | స' , రి' | గ' , మ' ||
ప' , మ' | గ' , స' | ని ప మ ||

మూడో భాగం:
ప , , | ప , మ | గ , మ ||
ప , , | ప మ ప | ని ప మ ||
ప , , | ప , మ | గ , మ ||
ప , ని | గ' , స' | ని ప మ ||

రి చతుశ్రుతి, గ సాధారణం, మ శుద్ధం, ని కైశికి. ధైవతం రెండో భాగంలో మాత్రమే, అదీ ఎక్కే దారిలో తగిలీ తగలనట్టు వస్తుంది. సి నేచురల్ వాయిస్తే శుద్ధ ధైవతం, అంటే మేళం నఠభైరవి దగ్గరికి వస్తుంది. చాలామంది ఆ ధ ని తీసేసి ‘ప , ని | స' , రి'’ అంటారు. అప్పుడు బాణీ మొత్తం ఆరు స్వరాలే. రెండూ చెల్లుతాయి. పక్కవాళ్లు ఏది వాయిస్తున్నారో విని దాంట్లో కలవండి.

ఇప్పుడు భాగాల చివరలు చూడండి. మొదటిది ‘మ రి ని.’ దగ్గర ఆగుతుంది, రెండోదీ మూడోదీ ‘ని ప మ’ దగ్గర. ఏ భాగమూ షడ్జమం మీద ముగియదు. మొదటి భాగంలో షడ్జమం మాటిమాటికీ వస్తుంది, కానీ ఎప్పుడూ పొట్టి స్వరంగా, దెబ్బ మొదట పడకుండా. బలమైన దెబ్బ మీద నిలిచేది పంచమం. బాణీ ఎక్కడా కూర్చోకుండా తిరుగుతూనే ఉండటానికి ఇదే కారణం. విన్నవాళ్లు ‘ఏదో మాయ ఉంది’ అంటారు గానీ మాయంతా ఈ చివరల్లోనే ఉంది.

దీంతో ఒక చిక్కు కూడా వస్తుంది. ఎలా ముగించాలి? చివరి ఆవృతంలో మూడో భాగం అయ్యాక ‘ని ప మ’ మీద వదిలేస్తే వాక్యం మధ్యలో లేచిపోయినట్టుంటుంది. మ తర్వాత ఒక స పొడుగ్గా పట్టడం వాడుక. కొందరు మొదటి భాగానికి తిరిగి వెళ్లి దాని తొలి బారులో షడ్జమం మీద ఆపేస్తారు. బృందంలో ఉంటే ఏది చేయాలో ముందే అనుకోండి, లేకపోతే ఒకరు ఆగుతారు, ఇంకొకరు నాలుగో ఆవృతం ఎత్తుకుంటారు.

ఇంకో చిక్కు ఉంది. రెండో భాగంలో రెండో బారు, మూడో భాగంలో నాలుగో బారు అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ధ్యాస తప్పిందంటే మూడో భాగం చివర వాయిస్తూనే చెయ్యి రెండో భాగంలోకి జారిపోతుంది, మళ్లీ గ' కి ఎగురుతుంది. గుర్తుకి ఒక ఉపాయం: ఆ బారుకి ముందు ‘గ , మ’ వస్తే తర్వాత మొదటి భాగానికో మూడో భాగం మొదలుకో వెళ్లాలి. ముందు పొడుగు గ' వస్తే ఇంకా రెండో భాగంలోనే ఉన్నారు.

చేతిలో ఎక్కడ తేడా వస్తుంది

అందరికీ జరిగేది ముందు చెబుతాను. మొదటి బారు చివర ‘రి , ,’ మూడు మాత్రలు. కొత్తవాళ్లు దాన్ని రెండింటికే వదిలి తర్వాతి ప మీదికి దూకుతారు. బారు ఎనిమిదికి కుదించుకుపోతుంది, పక్కనున్న గిటార్ వాడు గుటక మింగుతాడు. స్వరం మారకుండా పొడుగ్గా ఉన్నచోట లెక్క జారిపోవడమే కారణం. అలవాటయ్యేదాకా అక్కడ ‘రి రి రి’ అని మూడు విడి స్వరాలు వాయించండి. లెక్క గట్టిపడ్డాక మళ్లీ ఒకే స్వరం చేయండి. మెట్రోనోమ్‌ని మాత్రకి కాకుండా దెబ్బకి పెట్టుకోవాలి. నిమిషానికి 60తో మొదలుపెడితే చాలు.

ఫిడిల్ మీద ఈ బాణీ చాలా సౌకర్యం. పంచమం ఎ తీగ మీద మొదటి వేలు, షడ్జమం డి తీగ మీద అదే మొదటి వేలు. ఆ వేలిని రెండు తీగల మీదా అడ్డంగా ఆనించి ఉంచేయండి. మొదటి మూడు బార్లలో అది దాదాపు కదలక్కర్లేదు, రెండో బారు చివరి మంద్ర ని కి మాత్రం డి తీగని వదలాలి. గ కి మూడో వేలు, రి కి రెండో వేలు పైస్థానంలో. వేలు ఎత్తి ఎత్తి పెట్టేవాళ్లకి ప నుంచి స కి దూకేటప్పుడు మధ్యలో ఖాళీ తీగ కూస్తుంది.

అసలు కష్టం విల్లుది. మొదటి బారులో అయిదు స్వరాలున్నాయి. ఒక్కోదానికి ఒక్కో విల్లు వేస్తే కింది విల్లుతో మొదలైన బారు కింది విల్లుతోనే ముగుస్తుంది, తర్వాతి బారు పై విల్లుతో మొదలవుతుంది. ఏడు స్వరాల బార్లలోనూ అదే గతి. అంటే బారు బారుకీ ఒత్తు తిరగబడుతుంది. దీనికి సులువైన మందు: ప్రతి బారులో మొదటి దెబ్బలోని రెండు స్వరాలనీ ఒకే విల్లులో కలిపేయండి. (ప స) కింది విల్లు, గ పైకి, స కిందికి, రి పైకి. రెండో బారు మళ్లీ కింది విల్లుతోనే మొదలవుతుంది. నాలుగు బార్లకీ ఇది సరిపోతుంది, చివరి బారులో (ప ని) కలిపాక వచ్చే రెండో ని కి విల్లు మారుతుంది కాబట్టి రెండు నిషాదాలూ విడిగా పలుకుతాయి. ఇలాగే ఎప్పుడూ వాయిస్తే మూసగా తయారవుతుంది. చేయి కుదిరాక ఒక్కోసారి మొదటి దెబ్బ బదులు రెండో దెబ్బని కలపండి.

టిన్ విజిల్, ఫ్లూట్ వాళ్లకి ప నుంచి స కి దూకడమే పరీక్ష. పంచమానికి పైనుంచి ఒక్క రంధ్రమే మూసి ఉంటుంది, షడ్జమానికి అయిదు. నాలుగు వేళ్లూ ఒకేసారి దిగాలి. ఒక్కటి ఆలస్యమైనా మధ్యలో కీచుమని వేరే స్వరం తొంగిచూస్తుంది. స్వరాలు వదిలేసి ఆ ఒక్క దూకుడే నెమ్మదిగా పదిసార్లు చేయండి, వేళ్లు ఎత్తేటప్పుడు రంధ్రాలకి దగ్గరగా ఉంచండి. రెండో భాగం నాలుగో బారులో తార పంచమం ఊపిరి బలంగా ఊదితేగానీ పలకదు. భయపడి మెల్లగా ఊదితే కింది స్థాయికి పడిపోతుంది. ఆ బారుకి ముందు ఊపిరి నిండుగా ఉండాలి, కాబట్టి మూడో బారులో ‘గ' , మ'’ లోని గ' ని కొంచెం కోసి అక్కడ పీల్చుకోండి. మొదటి భాగంలో ఊపిరికి చోటు ‘రి , ,’. చివరి మాత్ర వదిలేసి పీల్చినా ఎవరికీ లోటు తెలియదు, లెక్క మాత్రం వదలొద్దు.

మూడో భాగంలో ‘ప , , | ప , మ’ అని రెండు పంచమాలు పక్కపక్కనే వస్తాయి. వాటిని విడదీయకపోతే అయిదు మాత్రల ఒకే స్వరంగా వినబడి రెండో దెబ్బ మాయమవుతుంది. విజిల్ మీద నాలుకతో కొట్టండి, లేదా కట్ (పై స్వరాన్ని రెప్పపాటు తాకించడం) వేయండి. మొదటి పంచమం మీద రోల్ చాలా బాగుంటుంది. పంచమం, ఒక కట్, పంచమం, ఒక తట్టు, మళ్లీ పంచమం. ఫిడిల్ మీద ఆ తట్టు అంటే మొదటి వేలు రెప్పపాటు ఎత్తి ఖాళీ ఎ తీగని తాకనివ్వడమే. మొదటి భాగంలోని పొడుగు రి మీద కూడా రోల్ వేసేవాళ్లున్నారు. నాకైతే అక్కడ గాలి ఉంటేనే ఇష్టం.

మ్యాండొలిన్, బ్యాంజో వాళ్లు పిక్‌ని ప్రతి దెబ్బకీ ‘కింద–పైన–కింద’ అని పెట్టుకోవాలి. పొడుగు–పొట్టి జంటలో మధ్య ‘పైన’ గాల్లో పోతుంది, కాబట్టి రెండు స్వరాలకీ కింది దెబ్బలే. వరసగా మార్చి మార్చి కొట్టుకుంటూ పోతే తొమ్మిది బేసి సంఖ్య కనక విల్లుకి పట్టిన తిప్పలే పిక్‌కీ పడతాయి. బౌరాన్ (చిన్న కర్రతో వాయించే ఐరిష్ డప్పు) కొట్టేవాళ్లకీ ఇదే మాట.

గిటార్‌కి రెండు కార్డులు చాలు: ఇ మైనర్, డి. మొదటి భాగంలో మొదటి బారు అంతా ఇ మైనర్, రెండో బారు చివరి దెబ్బకి డి, నాలుగో బారు చివరి దెబ్బకీ డి. రెండో భాగం ‘ని ప మ’ లకీ డి సరిపోతుంది. మూడో భాగంలో పంచమం వేలాడుతున్నప్పుడు కింద జి గానీ సి గానీ వేసి చూడండి, అదే స్వరానికి రంగు మారుతుంది. చేయకూడనిది ఒకటుంది. దీన్ని 3/4 వాల్ట్జ్‌లా ‘ధం చిక్ చిక్’ అని కొట్టడం. దెబ్బలు మూడే అయినా దెబ్బ లోపల మూడేసి మాత్రలు నడుస్తుండాలి. అది వినబడకపోతే కాలు కదలదు.

వేగం, అడుగులు, తర్వాతి బాణీ

స్లిప్ జిగ్ ఇప్పుడు ప్రధానంగా అమ్మాయిలు మెత్తని బూట్లతో చేసే డాన్స్. పూర్వం మగవాళ్లూ, జంటలూ కూడా ఆడేవాళ్లు. పై స్థాయి పోటీల్లో వేగం నిమిషానికి సుమారు 113 దెబ్బలు. సెషన్లో ఇంకాస్త ముందుకి లాగుతారు. 113 దగ్గర బటర్‌ఫ్లై ఒక ఆవృతం ఎంతసేపంటే: మూడు భాగాలు, రెండేసి సార్లు, 24 బార్లు, 72 దెబ్బలు, అంటే 38 సెకన్లు. మూడుసార్లు తిప్పితే రెండు నిమిషాల లోపే.

డాన్సర్లకి వాయించేవాళ్లు ఈ 24తో జాగ్రత్తగా ఉండాలి. ఒక స్టెప్ కుడికాలితో ఎనిమిది బార్లు, ఎడమకాలితో ఎనిమిది, కలిపి 16. రెండు భాగాల బాణీ అయితే ఆవృతమూ స్టెప్పూ కలిసే ముగుస్తాయి. బటర్‌ఫ్లైలో మొదటి స్టెప్ రెండో భాగం చివర ముగుస్తుంది, రెండోది మూడో భాగంతో మొదలై తిరిగి మొదటి భాగంలో తేలుతుంది. మళ్లీ కలవాలంటే రెండు ఆవృతాలు, మూడు స్టెప్పులు, 48 బార్లు కావాలి. బాణీ తిరిగి మొదలవడాన్ని బట్టి స్టెప్ మొదలుపెట్టే పిల్లలు ఇక్కడ తికమకపడతారు. పోటీకి రెండు భాగాలవే సుఖం.

సెషన్లో బటర్‌ఫ్లైని డబుల్ జిగ్గుల మధ్యలో ఇరికించకండి. ఆరు నుంచి తొమ్మిదికి మారేచోట తోడు వాయించేవాళ్లు తప్పకుండా తడబడతారు. స్లిప్ జిగ్గుల సెట్‌లోనే పెట్టండి, అందులోనూ మొదట పెట్టండి. దీని తర్వాత ‘కిడ్ ఆన్ ద మౌంటెన్’ బాగా అతుకుతుంది. అది అయిదు భాగాల స్లిప్ జిగ్, ఇదే శ్రుతి, మొదటి స్వరమే షడ్జమం. బటర్‌ఫ్లై మూడో ఆవృతం ‘ని ప మ’ అని వేలాడుతూ ఉండగానే కొత్త బాణీ ఆ స మీద దిగుతుంది, ముగింపు ఎలాగన్న చిక్కు కూడా దాంతోనే పోతుంది. మార్పు దగ్గర పడిందని కనీసం మూడో భాగం రెండో విడత మొదట్లోనే కళ్లెత్తి అందరికీ సైగ చేయండి. చివరి బారులో చేస్తే ఎవరూ చూడరు.